ఐదు వచనాలు పైకి చదవండి: తెలుగు సంఘాల కమిటీలకు బహిరంగ లేఖ

తెలుగు సంఘాల పాస్టర్లకు, సంఘ పెద్దలకు, కమిటీ సెక్రటరీలకు, ట్రెజరర్లకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే కాక బెంగళూరులో, ముంబయిలో, కువైట్‌లో, డాలస్‌లో తెలుగులో ఆరాధన జరుపుకునే ప్రతి సంఘానికీ,

ప్రభువు పేరిట వందనాలు.

మీరు వచ్చే ఏడాది బడ్జెట్ వేసుకునేలోపు ఈ ఉత్తరం మీ చేతికి అందాలని రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. మీ బడ్జెట్‌లో పేదల వాటాను మొదటి పద్దుగా రాయండి. అన్ని ఖర్చులూ పోగా ఏమైనా మిగిలితే ఇద్దాంలే అని కాకుండా, ముందే తీసి పక్కన పెట్టండి. ఎంత పెట్టారో, ఎవరికి ఎలా చేరిందో సంఘానికి లెక్క చెప్పండి.

దశమ భాగం మీద ప్రసంగం వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. పదో వంతును, అంటే దశమ భాగాన్ని, దేవుని మందిరానికి తెమ్మనే మలాకీ 3:10ని సండే స్కూలు పిల్లలు కూడా చూడకుండా చెప్తారు. కొన్ని సంఘాల్లో కానుకల కవరు మీదే ఆ వచనం అచ్చు వేసి ఉంటుంది. అదే అధ్యాయంలో ఐదు వచనాలు పైకి వెళ్లండి. తాను ఎవరి మీద సాక్ష్యం చెప్పడానికి వస్తున్నాడో దేవుడు అక్కడ వరసగా చెప్తాడు. మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణం చేసేవాళ్లు. ఇంతవరకు మన ప్రసంగాల్లో బాగానే వినపడుతుంది. అదే వరసలో ఆ వెంటనే కూలివాళ్ల కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్లు, విధవరాండ్రనూ తండ్రిలేని పిల్లలనూ బాధపెట్టేవాళ్లు, పరదేశికి న్యాయం తప్పించేవాళ్లు వస్తారు. పదో వచనం మీద నేను విన్న ప్రసంగాల్లో పదో వంతైనా ఐదో వచనం మీద వినలేదు.

ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి రెండు వచనాల్లో దశమ భాగం గురించే ఇంకో నియమం ఉంది. మూడేళ్లకోసారి పంటలో పదో వంతును ఊళ్లోనే ఉంచాలి. మందిర సేవ చేసే లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తృప్తిగా తినాలి. లేవీయుడు కూడా ఉన్నాడు, గమనించండి. అయ్యగారి జీతం ఆపమని నేను అనడం లేదు. చిన్న పల్లెటూరి సంఘాల్లో పాస్టరు కుటుంబాలు ఎంత ఇబ్బందిగా నెట్టుకొస్తాయో తెలియనిది కాదు. కానీ ఆ బంతిలో ఆయన పక్కన ఇంకో ముగ్గురు కూర్చోవాలి కదా. వాళ్ల విస్తళ్లు ఎక్కడ?

నేను చాలా ఏళ్లు ఒక సంఘం లెక్కలు చూసినవాణ్ని. ఇంకొన్ని సంఘాల లెక్కలు కూడా స్నేహితుల ద్వారా చూశాను. పద్దులు దాదాపు అన్నిచోట్లా ఒకటే. జీతాలు, డయాసిస్‌కు కట్టవలసింది, కరెంటు బిల్లు, సౌండ్ సిస్టమ్ రిపేరు, కన్వెన్షన్, బయటి ప్రసంగీకుల ప్రయాణాలు, బిల్డింగ్ ఫండ్, కాంపౌండ్ వాల్, క్రిస్మస్ లైటింగ్. అన్నిటికన్నా కింద, కొన్నిసార్లు ‘ఇతరములు’లో కలిసిపోయి, బీదల సహాయం. డిసెంబరులో భర్త చనిపోయిన ఆడవాళ్లకు తలా ఒక చీర, ఒక ఫొటో. ఆ ఫొటోలో చీర ఇచ్చేవాళ్లు కెమెరా వైపు చూస్తుంటారు, తీసుకునే ఆమె నేల వైపు చూస్తుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం అదే మనిషికి నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటికి తెచ్చి ఇస్తోంది. ఎన్నికల కోసమే ఇస్తున్నారని మనవాళ్లు అంటుంటారు. కావచ్చు. సంఘానికి ఎన్నికల గొడవ లేదు, పైగా దేవుని ఆజ్ఞ ఉంది. అయినా ఆమె మనకు ఏడాదికోసారే గుర్తొస్తోంది.

బిల్డింగ్ ఫండ్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు మెదక్ చర్చిని గుర్తు చేస్తారు. అది కట్టడం కాదా, దానికి డబ్బు పోయలేదా అని. నిజమే. కానీ ఎందుకు కట్టారో కూడా చెప్పాలి కదా. కరువు రోజుల్లో మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ పని పెట్టి, పని చేసినవాళ్ల కడుపు నింపాడని ఆ ప్రాంతం ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగేనాటికి ఆ రాళ్లు ఎన్నో పొయ్యిలు వెలిగించాయి. ఇప్పుడు మనం కట్టే మందిరాల సంగతేమిటి? ఇటుక ఎక్కడిదో కమిటీలో ఎవరైనా అడిగారా? తెలంగాణలో ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లలో చాలామంది ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. దసరా, దీపావళి ముందు అడ్వాన్సు తీసుకుని పిల్లాజెల్లాతో వస్తారు. ఎండాకాలం అయ్యేదాకా ఆ అప్పు తీరుస్తూ ఇటుక కోస్తారు. పిల్లల బడి పోతుంది. లెక్క యజమాని చేతిలో ఉంటుంది. మలాకీ చెప్పిన కూలి, పరదేశి రెండూ ఒకే బట్టీలో దొరుకుతాయి. ఆ ఇటుకతో లేచిన గోడ మీద మనం మలాకీ 3:10 పెయింట్ చేయిస్తాం.

ఇది చదివి కొందరు పెద్దలకు కోపం వస్తుంది. మా సంఘంలో ఎవరు ధనవంతులు, అందరం రెక్కాడితే డొక్కాడేవాళ్లమే, మేమే బీదలం అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్నవాళ్లకు ఎస్సీ హోదా పోయింది, బీసీ-సీలో ఒక శాతం రిజర్వేషనే మిగిలింది. ఆ అన్యాయం మీద మాట్లాడాలి, మాట్లాడుతూనే ఉండాలి. కానీ బీదవాళ్లు ఇవ్వలేరన్నది మన చరిత్రలోనే అబద్ధమని తేలింది. పౌలు మాసిదోనియ సంఘాల గురించి రాసినప్పుడు వాళ్లకు బాగా ఉంది కాబట్టి ఇచ్చారని రాయలేదు. నిరుపేదలైనా తాహతుకు మించి ఇచ్చారని, ఇవ్వనివ్వమని తమంతట తామే బతిమాలారని రాశాడు. మన ఊళ్లలోనూ అమ్మమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవాళ్లు, ఆదివారం మందిరానికి తెచ్చేవాళ్లు. ఆ కుండలు ఇంట్లోంచి పోయి కవర్లు వచ్చాయి. కవర్లు పోయి క్యూఆర్ కోడ్ వచ్చింది. బీదవాడు ఇస్తూనే ఉన్నాడు. బీదవాడికి తిరిగి వస్తున్నదెంత అన్నదే నా ప్రశ్న.

ఇంకో అభ్యంతరం మరీ బరువైనది, ఈ రోజుల్లో న్యాయమైనది కూడా. ఏం చేసినా మతమార్పిడి కోసమే అంటారు, బియ్యం ఇస్తే కేసు పెడతారు, ఎందుకొచ్చిన టెన్షన్ అని. ఈ భయానికి జవాబు 1876-78 కరువులోనే ఉంది. ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు కాలువ పనిలో కూలి ఇప్పించాడు. బాప్తిస్మం కావాలని జనం వస్తూనే ఉన్నారు. కరువు సహాయం పంచుతున్నంతకాలం ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేలని రోజుల్లో ఆ రెంటినీ కలపనన్నాడు. ఆ సహాయం ఆగిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ 2,222 సంఖ్యను ప్రతి జూబిలీలో చెప్పుకుంటాం. అంతకుముందు నెలల తరబడి ఆయన ‘ఇప్పుడు కాదు’ అన్న సంగతి మాత్రం చెప్పం. నాకైతే ఆ రెండోదే పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది.

కాబట్టి మీ సహాయానికి ఆరాధనతో ముడి పెట్టకండి. సభ్యుల పట్టీలో పేరుందా అని చూడకండి. కరపత్రం పెట్టకండి, సాక్ష్యం చెప్పించకండి, ఫొటో తీయకండి. ఇవేవీ లేకుండా ఇస్తే నోరు మూసుకోవాల్సింది నింద వేసేవాళ్లే.

ఏం చేయాలో తెలియడం లేదనే కమిటీలకు ఒక పని చెప్తాను. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 2019 నుంచి ఝార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. టీబీ మందులు వాడుతున్న రోగులకు నెలకు పది కిలోల తిండి సరుకులు ఇచ్చారు. కొన్ని చోట్ల ఆ ఇంట్లోని మిగతావాళ్లకు కూడా మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా తిండి అందిన ఇళ్లలో మిగతావాళ్లకు కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకు వచ్చి ఇతరులకు అంటుకునే రకం అయితే దాదాపు సగానికి తగ్గింది. బియ్యం, పప్పు! కొత్త టీకా కాదు, ఖరీదైన మందు కాదు.

మనిషికి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఈనాటి ధరల్లో నాలుగైదు వందల రూపాయలు. మూడు రాత్రుల కన్వెన్షన్‌కు స్టేజీ, లైట్లు, ఎల్‌ఈడీ తెరకు మీ సంఘం పోయినసారి కట్టిన బిల్లు తీసి, దాన్ని ఈ నాలుగైదు వందలతో భాగించి చూడండి. నేను భాగించి చూశాను. అంకె ఇక్కడ రాయను, మీ ట్రెజరర్ గారే కమిటీలో చదివి వినిపిస్తే బాగుంటుంది.

దీనికి కొత్త ట్రస్టు పెట్టక్కర్లేదు, విదేశీ నిధులు అక్కర్లేదు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వమే నిక్షయ్ మిత్ర పేరుతో వ్యక్తులనూ సంస్థలనూ టీబీ రోగుల ఆహారం బాధ్యత తీసుకోమని పిలుస్తోంది. మీ మండలం ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు వెళ్లి మెడికల్ ఆఫీసర్‌ను కలవండి. రోగి ఇష్టపడితేనే పేరు చెప్తారు. చెప్పకపోతే సరుకులు ఆశా కార్యకర్త చేతికి ఇచ్చి వచ్చేయండి. ఎవరింటికి వెళ్లిందో మీకు తెలియాల్సిన పని లేదు. రోగి ఏ మతమో అసలే తెలియక్కర్లేదు. ఈ పని తెలుగు క్రైస్తవులకు కొత్త కూడా కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో వేర్వేరు మిషన్లు చేతులు కలిపి శానిటోరియం తెరిచినప్పుడు క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి, ఇంతే వైద్యం. అదే ఏడాది డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్టు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టింది. గుంటూరుకు 1883లోనే వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించింది. ఆ కట్టడాల వెనుక అమెరికా, యూరప్ పల్లెల్లో ఆడవాళ్ల సంఘాలు కూడబెట్టిన చిన్న చిన్న చందాలున్నాయి. వాళ్లెవరూ మన ముఖం చూడలేదు.

విదేశీ డబ్బు ఆగిపోయిందని మన సంస్థలు చాలా బాధపడుతున్నాయి. విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం 2020లో మారింది. వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు మళ్లించడం కుదరదు, పరిపాలన ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు. చాలా లైసెన్సులూ పోయాయి. దానివల్ల మూతపడ్డ హాస్టళ్లు, దవాఖానాలు ఉన్నాయి, అది నిజమైన నష్టం. ఒక్క ప్రశ్న మాత్రం అడగాలి. నూరేళ్లకు పైగా పేదల ఖర్చును బయటివాళ్లు భరించారు, మనం మందిరం ఖర్చు చూసుకున్నాం. ఇప్పుడు ఆ పద్దు మన చేతికి వచ్చింది. దాన్ని మన పుస్తకంలో ఎక్కించకుండా ఇంకా ఎన్నాళ్లు నడుపుతాం?

అమెరికాలోని తెలుగు సంఘాలకు ఒక మాట. మీరు ఇంటికి డబ్బు పంపుతున్నారు, సంతోషం. కానీ ఎక్కువ భాగం మూడింటికే పోతోంది: కొత్త మందిరానికి, మీటింగులకు, అనాథాశ్రమానికి. మూడోదాని గురించి కాస్త విచారించండి. ఆ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల దించి వెళ్లినవాళ్లే ఎక్కువ. పిల్లల ఫొటోలతో బ్రోషర్ వేయడం సులువు. ఆ తల్లికి నెలనెలా కొంత ఇచ్చి పిల్లను ఆమె దగ్గరే ఉంచి, ఊరి బడికి పంపడం కష్టం, దానికి బోర్డు కట్టలేం. డబ్బు పంపేవాళ్లు ఆ రెండోదే అడిగితే ఇక్కడివాళ్లు చేస్తారు. అడగనంతకాలం చేయరు. ఇంతకీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆ హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగారా?

గల్ఫ్‌లోని సంఘాలకు నేను చెప్పగలిగింది తక్కువ, వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఎక్కువ. కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లిన ఆడవాళ్లకు వారానికి ఒక పూట సెలవు దొరకడమే గొప్ప. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటుంది. జీతం ఇవ్వక, కొట్టి హింసిస్తే ఇల్లు వదిలి వచ్చిన మనిషి మీదే పారిపోయిందని కేసు. అలాంటివాళ్ల టికెట్టు కోసం, చనిపోయినవాళ్లను ఊరికి పంపడం కోసం చందా వేసుకునే చిన్న ప్రార్థన గుంపులు అక్కడ ఉన్నాయి. వాళ్లలో చాలామంది డ్రైవర్లు, వంటవాళ్లు, ఇంటిపని చేసేవాళ్లు. పరదేశి అంటే ఎవరో వాళ్లకు ప్రసంగంలో వివరించక్కర్లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో ప్లాస్టిక్ కవర్ల గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా శరణార్థుల గురించి మన నగర సంఘాల్లో ఒక్క ప్రార్థనైనా వినపడదు. కువైట్‌లో మన ఆడపిల్లకు దొరకాలని కోరుకునే దయను బాలాపూర్‌లో ఇంకో తల్లి పిల్లకు ఇవ్వలేమా? వాళ్లను ఉంచాలా పంపాలా అన్నది ప్రభుత్వాల సంగతి. ఆకలిగా ఉన్న పిల్ల మాత్రం సంఘం సంగతి.

ఐక్యరాజ్య సమితి లెక్కల ప్రకారం 2024లో ఆకలితో ఉన్నవాళ్లు 67 కోట్లకు పైగా. ఇళ్లు వదిలి పారిపోవలసి వచ్చినవాళ్లు 12 కోట్లకు పైగా. ఇంత పెద్ద సంఖ్య ముందు పాతికో ముప్పైయో కుటుంబాలున్న సంఘం ఏం చేస్తుంది అనిపించడం సహజం. కొరింథు సంఘం పెద్దదేమీ కాదు. పౌలు వాళ్లను సముద్రం అవతల, భాష వేరు, అలవాట్లు వేరు అయిన యెరూషలేము పేదల కోసం చందా వేయమన్నాడు. ప్రతి ఆదివారం ఎవరికి వాళ్లు కొంత తీసి నిలవ చేయమన్నాడు, తాను వచ్చాక హడావుడిగా పోగు చేయొద్దన్నాడు. ఆ డబ్బు మోసుకెళ్లడానికి తాను ఒక్కడే పోకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు. దేవుని ముందే కాదు, మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని కారణం రాశాడు. అంతటి అపొస్తలుడే లెక్క ఒక్కడి చేతిలో పెట్టుకోలేదు. మన దగ్గర కొన్ని సంఘాల్లో చెక్కు మీద సంతకం భర్తది, రెండో సంతకం భార్యది.

పేదల వాటాను ఎవరు చూసుకోవాలన్నదానికి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమే దారి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచే దాంట్లో అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చింది. పన్నెండుమంది అపొస్తలులు దాన్ని గుసగుస అని కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు మనుషుల చేతికే తాళం చెవి ఇచ్చారు. మన సంఘాల్లో బీదల సహాయం కమిటీలో ఎవరుంటారో మీకు తెలుసు. రిటైర్డ్ ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, నాలాంటి లెక్కల మనుషులు. ఆ కమిటీలో సగం మంది పింఛను తీసుకునే ఆడవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు ఉండాలని నియమం పెట్టండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు.

1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య మిషనరీలను పొగుడుతూనే, మీరు పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. రెండేళ్ల తర్వాత దోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆ మాట తెల్లవాళ్లకు చెప్పింది. ఈ రోజు అది చీరలు పంచే మన కమిటీలకు పనికొస్తుంది.

కొత్త డబ్బు ఎక్కడిది అంటారా? కోత పండుగ ఉంది కదా. గుమ్మడికాయ నుంచి నాటుకోడి దాకా అన్నీ తెచ్చి వేలం వేస్తాం. పాతిక రూపాయల వంకాయ రెండు వేలు పలుకుతుంది, అందరం నవ్వుకుంటాం, పోటీపడి పాడతాం. నాకు చాలా ఇష్టమైన రోజు అది. లేవీయకాండము 23లో పండుగల నియమాలన్నీ వరసగా చెప్తూ, కోత పండుగ సంగతి ముగియగానే దేవుడు ఒక మాట చేర్చాడు: పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదిలేయండి. వేలం డబ్బు మొత్తం, ఒక్క రూపాయి కూడా బిల్డింగ్ ఫండ్‌లోకి పోకుండా, పేదల వాటాకు రాయండి. సగం ఊళ్లోకి, మూడో వంతు మండలంలోని టీబీ కుటుంబాలకు, మిగిలింది సముద్రం అవతలికి. ఈ పంపకం మీకు నచ్చకపోతే మార్చుకోండి. పద్దు మాత్రం మొదటిదిగా ఉండాలి.

వచ్చే కమిటీ మీటింగు అజెండాలో దీన్ని పెట్టండి. తీర్మానం ఓడిపోయినా సరే, ఎవరు ఏ కారణంతో వద్దన్నారో మినిట్స్‌లో రాయించండి. గెలిస్తే ఆ కాగితం నకలు మందిరం నోటీసు బోర్డు మీద, కన్వెన్షన్ పోస్టర్ పక్కనే అంటించండి. మూడు నెలలకోసారి ఖర్చు లెక్క కూడా అక్కడే పెట్టండి.

ప్రభువులో మీ సహోదరుడు,
ఒక సంఘ సభ్యుడు